ముత్యం బొచ్చు ఎందుకు పీక్కుంటోంది

2023 ఆగస్టు 20, ఆదివారం

మా పిల్లి ముత్యం పొట్ట కింద బొచ్చు పోయింది. పొద్దున కిటికీ గట్టు మీద వెల్లకిలా పడుకుంటే కనిపించింది. పొట్ట అడుగుభాగం, వెనక కాళ్ల లోపలి వైపు, తోక మొదట్లో కొంత మేర, అంతా నున్నటి గులాబీ రంగు చర్మం. పుండు లేదు, రక్తం లేదు. పక్కనే కూర్చుని చూశాను. నాలుకతో గట్టిగా నాకి, ఆ తర్వాత ముందు పళ్లతో బొచ్చు పట్టుకుని గుంజుతోంది. గుంజింది కొంత నేల మీద పడుతోంది, కొంత మింగేస్తోంది. ఈమధ్య పెరట్లో అది కక్కుతున్న బొచ్చు ఉండలు ఎక్కడివో ఇప్పుడు తెలిసింది.

అత్తయ్య గారు గడప దగ్గర బెండకాయలు తరుగుతున్నారు. "బెంగమ్మా అది. ఆయన పోయిన దగ్గర్నుంచీ చూస్తున్నాగా. మనకైతే ఏడవడానికి నోరుంది. దానికేముంది, ఒళ్లు పీక్కోడం తప్ప" అని కళ్లు తుడుచుకున్నారు.

మావయ్య గారు పోయింది జూన్‌లో. ఏడేళ్ల కిందట కాలవ గట్టు మీద దొరికిన పిల్లిపిల్లను ఆయనే తెచ్చారు. ఆయన మంచం మీద, కాళ్ల దగ్గర, దాని పడక. కర్మకాండ అయ్యాక మంచం కొట్టంలోకి వెళ్లింది, గదికి తాళం పడింది. ముత్యం ఆ తలుపు ముందు కూర్చుని ఎదురు చూడడం నేనూ చూశాను. కాబట్టి అత్తయ్య గారి మాట తీసిపారెయ్యను. కానీ బెంగ అని తేల్చేశాక ఇంట్లో ఇంకెవరూ దాని చర్మం వైపు చూడరు. నా భయం అది. దురద పుట్టినా, నొప్పి పుట్టినా, దిగులు పుట్టినా పిల్లి చేసే పని ఒకటే, నాక్కోవడం. దాని మొహం చూసి ఏ బాధో పోల్చుకోలేం. వెతకాలి.

2023 ఆగస్టు 25, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పేరంటానికి వచ్చిన వాళ్లందరి కళ్లూ ముత్యం మీదే. ఒకరు వేపనూనె రాయమన్నారు. ఒకరు పసుపూ కొబ్బరినూనే కలిపి పట్టించమన్నారు. ఎదురింటి పిన్నిగారు తన చిన్నప్పుడు వాళ్లింటి పిల్లికి కిరసనాయిలు పూస్తే తగ్గిందన్నారు. అందరూ ప్రేమతోనే చెప్పారు. నేను ఏదీ పూయనివ్వలేదు. పిల్లి ఒంటికి రాసింది ఒంటి మీద ఆగదు, నాలుక మీదుగా కడుపులోకి పోతుంది. మన కాలేయం విరిచెయ్యగల పదార్థాల్లో చాలావాటిని పిల్లి కాలేయం విరవలేదు. గ్లూకురోనిడేషన్ అనే ప్రక్రియ దానిలో అంత బలహీనం. మాంసం మీదే బతికిన జాతికి మొక్కల్లోని విషాలను విరిచే పని పెద్దగా పడలేదని, అందుకే ఆ శక్తి సన్నగిల్లిందని శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారు. కారణం ఏదైతేనేం, ఫినాయిలూ డెట్టాలూ కూడా దానికి విషాలే. మా ఇంట్లో నేల తుడిచేది ఫినాయిలుతోనే. రేపటినుంచి ఉత్త నీళ్లు, కాస్త సబ్బు.

2023 ఆగస్టు 28, సోమవారం

ముత్యం వెంట్రుకలు కాయితం పొట్లంలో బడికి పట్టుకెళ్లాను. నేల మీద పడ్డవి కావు. బోడి మచ్చ అంచున ఇంకా నిలిచి ఉన్న పొట్టి వెంట్రుకల్ని చిన్న పట్టకారుతో తీశాను. మధ్యాహ్నం ల్యాబులో గాజుపలక మీద నూనె చుక్క వేసి, వాటిని పరిచి, కవర్‌స్లిప్ పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లల్ని పిలిచాను.

తనంతట తాను రాలే చోట మిగిలిన వెంట్రుకల కొసలు సన్నగా, సూదిగా ఉంటాయి. కొరికిన చోట కొస తెగి, చీలి, మొండిగా ఉంటుంది. మా పలక మీద సూది కొస ఒక్కటి కూడా కనపడలేదు. కుదుళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. అంటే వెంట్రుక పెరుగుతోంది, పెరిగింది పెరిగినట్టు ముత్యం కత్తిరించేస్తోంది. ఒంట్లో ఏ హార్మోను తేడావల్లో రాలిపోతోందన్న అనుమానం దాదాపు పోయింది.

వెనక నిలబడ్డ పిల్ల ఒకతె, "మరి నొప్పి పుట్టదా టీచర్?" అంది. ఆ నొప్పిని మించిన బాధేదో లోపల ఉండాలి అన్నాను. ఇంటికొచ్చేదాకా ఆ పిల్ల మొహమే కళ్లముందు ఉంది.

2023 సెప్టెంబరు 9, రెండో శనివారం

రాజమండ్రి వెళ్లాం. ముత్యాన్ని మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టలో పెట్టి, పైన అత్తయ్య గారి పాత చీర కప్పాను. చీకటిగా ఉంటే భయం తగ్గుతుంది. దారంతా అరిచింది.

డాక్టరమ్మ చిన్నది, ముప్పై దాటి ఉండదు. ముత్యం మీద చెయ్యి వెయ్యకముందే చాలాసేపు నన్నే అడిగింది. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఇంట్లో ఇంకేం జంతువులున్నాయి, బొచ్చు పోవడం ఏ నెలలో మొదలైంది, ఎవరూ చూడనప్పుడు నాక్కుంటుందా అని. తిడితే చాటుకు వెళ్లి నాక్కునే పిల్లులు ఎక్కువట. ఇంట్లో వాళ్లు మానేసిందనుకుంటారు, బోడి మచ్చ మాత్రం పెరుగుతూ ఉంటుంది. అత్తయ్య గారు గదమాయించినప్పుడల్లా ముత్యం బీరువా కిందికి దూరడం గుర్తొచ్చింది. మావయ్య గారి సంగతి కూడా చెప్పాను. శ్రద్ధగా విని, "అది కూడా రాసుకుంటాను మేడం. కానీ మనసు చివర్న చూద్దాం, ముందు ఒళ్లు చూడనివ్వండి" అంది. ఆ మాటతో నాకు సగం భారం దిగింది.

గదిలో దీపం ఆర్పి, ఊదారంగు వెలుతురు పడే దీపం పట్టి చూసింది. మైక్రోస్పోరమ్ కానిస్ అనే బూజు ఉంటే వెంట్రుకలు చాలాసార్లు ఆకుపచ్చగా మెరుస్తాయి. అది తామర, పిల్లి నుంచి మనకీ అంటుతుంది. మెరవలేదు. చర్మం మీద టేపు అంటించి తీసి, చిన్న బ్లేడుతో గీకి, రెండూ సూక్ష్మదర్శినిలో చూసింది. చుండ్రులా కదిలే కేలెటియెల్లా గానీ, మరే గజ్జి పురుగు గానీ లేదు.

తర్వాత సన్నని పళ్ల ఇనప దువ్వెనతో తోక మొదట్లో, నడుం మీద దువ్వి, దువ్వెనలో పడ్డ నలకల్ని తడిపిన తెల్ల కాయితం మీద దులిపింది. మిరియపు పొడిలా నల్లగా ఉన్న నలకలు. ఒక నిమిషానికి ఒక్కొక్క నలక చుట్టూ ఎర్రటి మరక పాకింది. మట్టి అయితే ఎరుపు రాదు. అది అరిగిన రక్తం, ఫ్లీ అనే పురుగు రెట్ట. పేను వెంట్రుకను పట్టుకుని వేలాడుతుంది, గోమారి చర్మానికి కరుచుకుని కదలదు. ఇది ఆ రెండూ కాదు. రెక్కల్లేవు, గెంతుతుంది.

"నాకు ఒక్కటీ కనపడలేదే" అన్నాను. అలర్జీ ఉన్న పిల్లి మీద కనపడవట. పట్టుకుని మింగేస్తుంది కాబట్టి. నూరు పురుగులున్న పిల్లి హాయిగా పడుకోవచ్చు, అలర్జీ ఉన్న పిల్లిని ఒకట్రెండు కుట్టినా చాలు. గొడవ పురుగుతో కాదు, కుట్టేటప్పుడు అది వదిలే లాలాజలంలోని ప్రొటీన్లతో. వీపు మీద వేలు పెట్టి చూపించింది. బొచ్చు ఉన్న చోట కూడా కింద సన్నసన్న పొక్కులు చేతికి తగిలాయి.

మెడ వెనక, నాలుకకు అందని చోట వేసే సెలామెక్టిన్ చుక్కల మందు ఇచ్చింది. నెలనెలా వెయ్యాలి. దురద మంట తగ్గడానికి కొద్ది రోజులు స్టీరాయిడు మాత్ర. మెడకు గొట్టం కట్టమంటారేమో అనుకున్నాను. "కడితే నాకడం ఆగుతుంది, దురద ఆగదు. దురద పెడుతున్నా గోక్కోలేకపోవడం కంటే నరకం ఏముంది" అంది.

2023 సెప్టెంబరు 10, రాత్రి

అందరూ పడుకున్నాక చదువుతూ కూర్చున్నాను. అమెరికా పశువైద్య సంఘం పత్రికలో 2006లో వచ్చిన ఒక అధ్యయనం ఇంతకుముందు ఎవరైనా నాకు చూపించి ఉంటే బావుండేది. 21 పిల్లులు. అన్నీ మనోవ్యాధితోనే బొచ్చు పీక్కుంటున్నాయని అనుకుని పంపినవి. వాటిని ఓపిగ్గా, ఒక్కో కారణమే తీసేసుకుంటూ పరీక్షించారు. 16 పిల్లుల్లో జబ్బు చర్మానిదో ఒంటిదో అని తేలింది. మూడింటిలో ఒళ్లూ మనసూ రెండూ. అచ్చంగా మనసు వల్లే అని చెప్పగలిగినవి రెండు. ఇరవై ఒకటిలో రెండు! తిండి పడకపోవడం ఒక్కటే 12 పిల్లుల్లో కనిపించింది.

ఆ పిల్లుల్ని ప్రేమించిన వాళ్లు కూడా మా అత్తయ్య గారిలాంటి వాళ్లే అయ్యుంటారు. పిల్లి బాధ పడుతోందని గుర్తించారు, అది నిజమే. ఎక్కడ బాధో మాత్రం తమ గుండెలో చూసుకుని చెప్పారు.

పిల్లి నాలుక గురించి కూడా చదివాను. దాని మీద గొంతు వైపు వంగిన ముళ్లున్నాయని పిల్లలకు ఏటా చెబుతూనే ఉన్నాను. ఆ ముళ్ల కొసలు బోలుగా, గరిటెల్లా ఉంటాయని, ఉమ్మిని అందులో నింపుకుని బొచ్చు కుదుళ్ల దాకా తీసుకెళ్లి వదులుతాయని జార్జియా టెక్‌లో అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హు 2018లో చూపించారు. పులిలోనూ సింహంలోనూ కూడా అవే గరిటెలు. మెలకువగా ఉన్న సమయంలో సుమారు పావు వంతు పిల్లికి ఈ పనికే పోతుంది. ఒంటి శుభ్రానికీ, వేసవిలో చల్లదనానికీ, పురుగుల్ని ఏరుకోవడానికీ, భయపడ్డాక నెమ్మదించడానికీ దానికి ఉన్న సాధనం అదొక్కటే. అంత పదునైన దాన్ని ఒకే చోట రోజంతా ఆడిస్తే బొచ్చు నిలవదు.

2023 సెప్టెంబరు 17, ఆదివారం

రేపు వినాయక చవితి. పండగ శుభ్రం, పురుగుల శుభ్రం ఒకేసారి పెట్టుకున్నాం. పిల్లి ఒంటి మీద తిరిగే పెద్ద పురుగులు మొత్తంలో ఏ అయిదు శాతమోనట. మిగతా అంతా గుడ్లు, పిల్లపురుగులు, గూళ్లు, ఇంట్లోనే ఉంటాయి. గుడ్లు బొచ్చుకి అంటుకోవు, జారిపడతాయి. పిల్లపురుగులు వెలుతురు తప్పించుకుని పగుళ్లలోకి, బట్టల మడతల్లోకి పోయి, పెద్ద పురుగులు విసర్జించిన ఎండు రక్తం తిని పెరుగుతాయి. గూడు కట్టుకున్నాక నెలల తరబడి ఆగగలవు. మన అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం, ఊపిరి తగిలితే అప్పుడు బయటికొస్తాయి.

జూన్ నుంచీ ముత్యం ఎక్కడ పడుకుంటోందో వెతికాను. వెనక వసారాలో వడ్ల గోనెసంచుల మీద. అరుగు మీది వీధికుక్క వానొస్తే దూరేదీ అక్కడికే. కింద గచ్చు అంతా పగుళ్లు. వానాకాలం చెమ్మ. పురుగులకు ఇంతకంటే ఏం కావాలి? సంచులు కొన్ని తగలబెట్టాం, కొన్ని మరిగిన నీళ్లలో ముంచి ఎండేశాం. ఎండా పొడీ పిల్లపురుగులకు సరిపడవు. పగుళ్లు మా ఆయన సిమెంటుతో పూడ్చారు. కుక్కకి డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర మాంసం ముక్కలో పెట్టి వేశాం.

పనంతా అయ్యాక అరుగు మీద కూర్చుంటే అత్తయ్య గారు లోపలికెళ్లి ఒక చెక్క దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండు వైపులా సన్న పళ్లున్న పేల దువ్వెన. "రోజూ సాయంత్రం రేడియో పెట్టుకుని దీంతోనే దువ్వేవారమ్మా దాన్ని. పక్కన గ్లాసులో సబ్బు నీళ్లు ఉండేవి. దువ్వెన అందులో ముంచేవారు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు."

నేనూ ఆ గ్లాసు చూసేదాన్ని. దువ్వెన కడుక్కోడానికనుకునేదాన్ని. సబ్బు నీళ్లలో పడ్డ ఫ్లీ గెంతలేదు, మునిగిపోతుంది. ఏడేళ్లు ఆయన ఈ ఇంట్లో ఎవరికీ చెప్పకుండా చేస్తూ వచ్చిన వైద్యం అది. జూన్‌లో ఆ చెయ్యి ఆగింది, మంచం మారింది, వానలు పడ్డాయి. ఆగస్టులో బొచ్చు పోయింది. వరస ఇంత సూటిగా కనిపిస్తుంటే ఇంకేం కావాలి?

అత్తయ్య గారికి అదే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఆయన లేకపోబట్టేగా" అన్నారు. అవునత్తయ్య గారూ, ఆయన లేకపోబట్టే అన్నాను. ఇవాళ్టినుంచి తనే దువ్వుతానన్నారు.

2023 అక్టోబరు 22, ఆదివారం

దసరా సెలవులు. తోక దగ్గరా నడుం మీదా సన్నగా నూగు వచ్చింది. పొక్కులు లేవు. తిండి బాగా తింటోంది.

అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. "డిప్రెషన్‌కి పిల్లులకీ మందులున్నాయమ్మా" అంది. ఉన్నాయి. ఫ్లూఒక్సెటిన్, క్లోమిప్రమిన్, మనుషులకు వాడేవే, డాక్టరు లెక్కకట్టి చిన్న మోతాదులో ఇస్తారు. నిజంగా మనసుదే అయిన పిల్లులకు అవి ప్రాణం పోస్తాయి. కానీ ఫ్లీలు కుడుతున్న పిల్లికి అవి ఇచ్చి ఊరుకుంటే దురద అలాగే ఉంటుంది, చెప్పుకునే ఓపిక తగ్గుతుందేమో అంతే.

సాయంత్రం పిన్నిగారి అబ్బాయి వాళ్ల కుక్కకి తెచ్చిన చుక్కల మందు సగం మిగిలిందని తెచ్చాడు. డబ్బా మీద పర్మెత్రిన్ అని ఉంది. నాకు చెమటలు పట్టాయి. కుక్కకి పనికొచ్చే ఆ మందు పిల్లికి వణుకు, ఫిట్స్ తెప్పించి చంపేస్తుంది. వాడిని కూర్చోబెట్టి అంతా చెప్పాను, మీ వీధిలో పిల్లులున్న వాళ్లందరికీ చెప్పరా అన్నాను. కుక్కకి వేసిన రోజు కూడా మందు ఆరేదాకా పిల్లిని దాని పక్కకి పోనివ్వకూడదు.

2023 నవంబరు 13, సోమవారం

నిన్న దీపావళి. రాత్రంతా మోత. ముత్యం బీరువా కింద నుంచి తెల్లారేదాకా రాలేదు. ఇవాళ మళ్లీ పొట్ట అడుగున నాకుతోంది. నిజానికి అక్కడ బొచ్చు సరిగ్గా రానేలేదు. వీపు నిండింది, తొడలు నిండాయి, పొత్తికడుపు మాత్రం బోడిగానే ఉంది. మందు పనిచేస్తే అంతటా పనిచెయ్యాలి కదా.

మధ్యాహ్నం స్నానాలగదిలో మూలన కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. నేల మీద రెండు చుక్కలు, గులాబీ రంగులో.

2023 నవంబరు 18, శనివారం

ముత్యాన్ని మళ్లీ డాక్టరమ్మకి చూపించాం. వేరే కారణం ఉందని ఆమె కూడా ముందే అనుమానించిందట. పొత్తికడుపు ఒక్కటే బోడిగా ఉంటే లోపల మూత్రాశయం నొప్పి పెడుతోందేమో చూడాలి. మనం నొప్పి ఉన్న చోట చెయ్యి వేసుకుంటాం, పిల్లి నాలుక వేస్తుంది. కీళ్లనొప్పులున్న ముసలి పిల్లులు కూడా అలాగే ఆ కీలు మీద బొచ్చంతా నాకేస్తాయి.

స్కానింగులో రాళ్లు లేవు. సన్న సూదితో పొట్ట మీంచే మూత్రం తీసి చూస్తే రక్తకణాలున్నాయి, సూక్ష్మజీవులు లేవు. కల్చర్ ఫలితం ఇవాళ ఫోన్లో చెప్పింది, అందులోనూ ఏమీ పెరగలేదు. పిల్లుల్లో మూత్రం బాధల్లో సగానికి పైగా ఇలాంటివేనట. రాయి ఉండదు, సూక్ష్మజీవి ఉండదు, వాపు ఉంటుంది. అలజడి కలిగినప్పుడు వస్తుంది, కొన్నాళ్లకు తగ్గుతుంది, మళ్లీ వస్తుంది.

ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో టోనీ బఫింగ్‌టన్ అనే పశువైద్యుడు ఏళ్ల తరబడి ఈ పిల్లుల మీదే పనిచేశాడు. 2011లో ఆయన బృందం ప్రచురించిన పరిశీలనలో, రోజూ చూసే మనిషి మారినా, తిండి వేళ మారినా, ఈ జబ్బు లేని ఆరోగ్యమైన పిల్లులు కూడా తిండి మానెయ్యడం, కక్కడం, ఇసక తొట్టె బయట మూత్రం పోయడం చేశాయి. రోజు ఎలా గడవాలో అలా గడవకపోతే ఆ అలజడి ఆ జీవి ఒంట్లోకి దిగిపోతుంది.

అంటే అత్తయ్య గారి బెంగ ఇక్కడ ఉంది. బొచ్చులో కాదు, మూత్రాశయం పొరలో. నేను ఆగస్టులో దానికి తల ఊపి ఊరుకుని ఉంటే పురుగులు ఇప్పటికీ కుడుతూ ఉండేవి. పురుగుల దగ్గరే ఆగిపోయి ఉంటే ఈ నొప్పి ఎన్నటికీ తెలిసేది కాదు. ఫోను పెట్టెయ్యగానే ముందుగా ఆవిడకే చెప్పాను. ఆవిడ ముత్యాన్ని ఒళ్లో పెట్టుకుని "నే చెప్పలా" అన్నారు, దానితో.

నొప్పికి డాక్టరమ్మ మందిచ్చింది. మనుషుల మాత్ర ఏదీ ఇవ్వొద్దంది. పారాసెటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చచ్చిపోవచ్చు. నీళ్లు ఎక్కువ పోవాలి లోపలికి. ఇంట్లో నాలుగు చోట్ల వెడల్పాటి గిన్నెలు పెట్టాను. చేప విడిగా, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా ఉడకబెట్టి, ఆ నీళ్లతోనే జారుగా కలిపి పెడుతున్నాను. ఉల్లిపాయ పిల్లి రక్తకణాల్ని పగలగొడుతుంది కాబట్టి పులుసులో ముక్క తీసి పెట్టే అలవాటు మానెయ్యాలి. చేప కూడా సరిపడకపోతే అప్పుడు ఇదివరకెన్నడూ తినని మాంసం ఒక్కటే ఎనిమిది వారాలు పెట్టి, మళ్లీ పాత తిండి ఇచ్చి దురద తిరిగొస్తుందేమో చూడాలట. ఆ పరీక్షకు రక్తపరీక్షలేవీ సాటి రావంది. మాంసం ఉడికించిన నీళ్లు పారబొయ్యకూడదు. టారిన్ అనే పోషకం ఆ నీళ్లలోకి పోతుంది, అది చాలకపోతే పిల్లికి గుండె దెబ్బతింటుందని 1987లో తేలింది. ప్రస్తుతానికి వీపు మీద దురద లేదు కనుక ఆ పరీక్ష పక్కన పెట్టాం.

2023 డిసెంబరు 6, బుధవారం

నిన్న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటింది. ఇక్కడా చేలన్నీ నీళ్లు. కోసిన వరి పనల మీద నీళ్లు నిలిచి ఊరంతా దిగాలుగా ఉంది. ముత్యం బయటికి పోలేక ఇంట్లోనే తిరుగుతోంది. గోదావరి ఇసక పోసి పెట్టిన తొట్టెలో కూర్చుంది. రక్తం లేదు.

2024 జనవరి 7, ఆదివారం

పండక్కి ఇల్లు దులుపుతుంటే ఒక సంగతి బయటపడింది. పెరటి గోడ మీద నల్ల గండుపిల్లి రోజూ చీకటి పడే వేళకి వచ్చి కూర్చుంటోంది. వసారా స్తంభం మీద మూత్రం కొట్టి పోతోంది. ముత్యం పెరట్లోకి పోవడం తగ్గించింది దీనికి భయపడే, మూత్రం ఆపుకుంటున్నదీ అందుకే అయ్యుంటుంది. మావయ్య గారు సాయంత్రం పూట అరుగు మీద ఉన్నన్నాళ్లూ ఏ గండుపిల్లీ లోపలికి రాలేదు. గోడ సందుకి మా ఆయన జాలీ కొట్టారు.

ఇంకో పని కూడా చేశాం. మావయ్య గారి గది తాళం తీశాం. అత్తయ్య గారే తీశారు. మంచం కొట్టంలోంచి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, పాత చోటే వేశాం. పక్కన రెండో ఇసక తొట్టె పెట్టాను. పిల్లికి తన వాసన ఉన్న, ఎవరూ అడ్డురాని, ఎత్తుగా ఉండే చోటొకటి కావాలి. ముత్యం గుమ్మంలో నిలబడి మూలమూలా వాసన చూసి గానీ లోపలికి రాలేదు. రాత్రికి మంచం ఎక్కింది.

2024 ఫిబ్రవరి 11, ఆదివారం

పొట్ట మీద అర అంగుళం తెల్లబొచ్చు. తొమ్మిదో తరగతి పిల్లలు అడుగుతూనే ఉన్నారు, ఫొటో తీసి పట్టుకెళ్లాలి.

2024 మార్చి 31, ఆదివారం

పదో తరగతి పరీక్షలు నిన్నటితో అయిపోయాయి. రేపటినుంచి జవాబు పత్రాలు దిద్దే స్పాట్ డ్యూటీ, వారం పైన ఇంట్లో ఉండను. చలికాలంలో పురుగులు చచ్చే దేశం కాదు మనది, చుక్కల మందు ఏడాది పొడుగునా పడాల్సిందే అంది డాక్టరమ్మ. మూత్రం బాధ కూడా మళ్లీ రాదని హామీ ఏమీ లేదు. నేను ఇల్లు కదలడం కూడా దాని రోజులో మార్పే కదా. అందుకే మా ఆయనకి చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఇక్కడా ఎత్తి రాసుకుంటున్నాను:

ఏవండీ, 5వ తేదీ ముత్యానికి చుక్కల మందు. మెడ వెనక బొచ్చు పాయ తీసి, చర్మం మీదే పడాలి. కుక్క మాత్ర ఈసారి మే దాకా అక్కర్లేదు. తిండి వేళలు మార్చకండి, పొద్దున ఏడు, సాయంత్రం ఆరు, నేనున్నప్పుడు పెట్టే గిన్నెలోనే. చేప నీళ్లు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, గోరువెచ్చగా చేసి కలపండి. ఇసక తొట్టెలు రెండూ మీరే చూడండి, అత్తయ్య గారు వంగలేరు. తడి ఎంత ఉందో, రంగు ఏమిటో చూడాలి. పొట్ట నాకుతుంటే కేకలెయ్యకండి, ఎప్పుడు నాకిందో రాసి పెట్టండి చాలు. పదేపదే వెళ్లి కూర్చుని లేస్తూ చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, నాకోసం కూడా ఆగొద్దు. డాక్టరమ్మ నంబరు ఈ చీటీ వెనక ఉంది, రాత్రి ఎన్నింటికైనా చెయ్యమంది.